ముదురు రంగు గోడలు: వేయించుకున్నవాళ్లు చెప్పండి, ఎలా ఉంది?

లలిత_మియాపూర్
అందరికీ నమస్కారం. దసరాలోపు మా ఫ్లాట్‌కి రంగులు వేయించాలి. బెడ్‌రూమ్ 11 బై 12, పడమర వైపు ఒక్కటే కిటికీ. మంచం తల వైపు గోడకి ముదురు ఆకుపచ్చ వేయిద్దామని నా కోరిక. మావారేమో గది ఇరుకైపోతుందంటున్నారు. అత్తయ్యగారు "నలుపు ఛాయ పడకగదిలో ఎందుకమ్మా" అన్నారు. ఫోటోల్లో అన్నీ బాగానే ఉంటాయి కదా. వేయించుకుని కొన్నేళ్లు ఆ గదిలో ఉన్నవాళ్ల మాట కావాలి.

గోడమీదపిల్లి
ఇరుకవుతుందన్నది సగమే నిజమండీ. మా హాల్లో ఒక గోడ నెమలికంఠం రంగు. పగలు ఆ గోడ వెనక్కి జరిగినట్టే ఉంటుంది, మూల ఎక్కడుందో కంటికి సరిగ్గా ఆనదు. ఇబ్బందంతా రాత్రి లైటుతోనే. కొన్ని కంపెనీల వెబ్‌సైట్లలో షేడ్ పక్కన ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, చూడండి. గోడ ఎంత వెలుతురు తిరిగి ఇస్తుందో అది చెబుతుంది. కటిక నలుపు 0, అచ్చ తెలుపు 100. మనం మామూలుగా వేయించే తెలుపు 80 దాటుతుంది, మీరనుకునే ఆకుపచ్చ 10 లోపే ఉండొచ్చు. నాలుగు గోడలూ అలా వేయించి పాత ట్యూబ్‌లైటే ఉంచితే మీవారన్నదే నిజమనిపిస్తుంది. ఒక్క గోడే అయితే భయం లేదు.

మేస్త్రి_గుంటూరు
మేడమ్, నేను పెయింట్ పని చేయిస్తాను. రంగు సంగతి తర్వాత, ముందు గోడ సంగతి చూడండి. లేత రంగు గోడ వంకరని దాచేస్తుంది, ముదురు రంగు పట్టిస్తుంది. రాత్రి పూట గదిలో లైట్లన్నీ ఆపేసి, సెల్‌ఫోన్ టార్చ్ గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి పక్క నుంచి వెలుగు పడనివ్వండి. పుట్టీ పట్టిన చోట ఎత్తుపల్లాలు, ఎమరీ పేపర్ గీతలు, పాత మేకు గుంటలు అన్నీ నీడలతో సహా కనిపిస్తాయి. వాటిని సరిచేశాకే ప్రైమర్.

ఇంకో మాట. మన ఇళ్లలో ట్యూబ్‌లైటు గోడకే బిగిస్తారు. ముదురు రంగు వేసే గోడ మీదే అది ఉంటే కింద వెలుతురు ఏటవాలుగా జారి, ఎంత బాగా పుట్టీ పెట్టినా అలలు అలలుగా కనబడుతుంది. లైటు ఎదుటి గోడకి మార్పించండి. వైరింగ్ పని రంగుల కంటే ముందే అయిపోవాలి.

శ్రావ్య_కె
మేస్త్రి గారూ, మా పెయింటర్ మొదటి కోటు వేసి వెళ్లాక గోడంతా మచ్చలు మచ్చలుగా ఉంది. చూసి ఏడుపొచ్చినంత పనైంది. ఇది మామూలేనా?

మేస్త్రి_గుంటూరు
మామూలేనమ్మా, టెన్షన్ పడకండి. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో తెల్ల పిగ్మెంటు దాదాపు ఉండదు, కింది పొరని కప్పేది ఆ తెలుపే. అందుకే లేత రంగుకి రెండు కోట్లు చాలిన చోట దీనికి మూడు పడతాయి. ప్రైమర్‌లో బూడిద రంగు కలిపించి వేయిస్తే పని తేలికవుతుంది. రంగు మాత్రం షాపులో మిషన్ మీదే కలిపించండి. మా వాళ్లలో కొందరు స్టెయినర్ (చిక్కటి రంగు) సీసా కొని బకెట్లో చేత్తో కలుపుతారు. సగం గోడ దగ్గర రంగు అయిపోయిందంటే మళ్లీ అదే షేడ్ ఎవరికీ రాదు. రెండు డబ్బాలు తెచ్చినా ఒకే బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టాలి.

తిరుపతి_హరి
లలిత గారూ, మంచం తల వైపు అన్నారు కాబట్టి చెబుతున్నా. మా ఇంట్లో మ్యాట్ ఫినిష్‌లో ముదురు నీలం వేయించాం. నాన్నగారు తలకి కొబ్బరినూనె రాసుకుని మంచం మీద కూర్చుని గోడకి ఆనుకుని పేపర్ చదువుతారు. కొన్నాళ్లకి సరిగ్గా తల ఆనే చోట అరచేతంత మచ్చ, నిగనిగలాడుతూ. సబ్బునీళ్లతో తుడిస్తే నూనె పోయింది, తుడిచిన మేర ఇంకా మెరిసింది. ఆ ముక్కకే టచప్ వేస్తే అదీ వేరేగా కనిపించింది. చివరికి మూల నుంచి మూల దాకా గోడంతా మళ్లీ వేయించాల్సి వచ్చింది. కాబట్టి వెడల్పాటి హెడ్‌బోర్డు పెట్టండి, లేదా మ్యాట్ మానేసి కొంచెం మెరుపున్న ఫినిష్ తీసుకోండి.

గోడమీదపిల్లి
హరి గారి మాటకి ఓటు. కానీ మెరుపు పెరిగే కొద్దీ గోడ వంకరా ఎక్కువ కనిపిస్తుంది. మ్యాట్ దాస్తుంది కానీ తుడవనివ్వదు. మధ్యలో సాఫ్ట్ షీన్ లాంటివి చూసుకోవడమే. అద్దంలా మెరిసే హై గ్లాసీ ఫినిష్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

వైజాగ్_అపర్ణ
చెమ్మ గురించి ఎవరూ అనలేదేం? ఆ గోడకి అవతల బాత్‌రూమ్ ఉందేమో ముందు చూసుకోండి. గోడలోంచి నీళ్లు ఊరితే ఉప్పు తెల్లగా పూస్తుంది. క్రీమ్ రంగు గోడ మీద అది ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. మా ఇంట్లో ముదురు వంకాయ రంగు మీద ఒక్క వానాకాలానికే బయటపడింది. లీకు అలాగే ఉంచి పైన ఎంత ఖరీదైన పెయింట్ వేసినా పెచ్చులూడుతుంది. ముందు ప్లంబర్, తర్వాతే పెయింటర్.

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ అయినా తొందరపడొద్దు. పూర్తిగా ఆరకముందే వేస్తే సిమెంటులోని క్షారానికి కొన్ని రంగులు అక్కడక్కడా వెలిసిపోతాయి.

రిటైర్డ్_మాస్టారు
ఈ ముదురు రంగులు ఏదో కొత్త ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడుతున్నారు. మేం చదివిన బడిలో కిటికీ మట్టం దాకా ముదురు ఆయిల్ పెయింట్, ఆ పైన నీలిమందు కలిపిన వెల్ల. పిల్లల చేతులు, వీపులు ఆనేది కిందే కదా, మరక పడినా తుడిస్తే పోయేది. ఇంట్లోనూ గోడంతా కాకుండా కింది సగానికే ముదురు రంగు వేయించి చూడండి. పైభాగం తెలుపు కాబట్టి వెలుతురూ పోదు.

డాలస్_వాసు
మాస్టారు గారూ, ఇక్కడ డైనింగ్ రూమ్‌లో మేం సరిగ్గా అదే చేశాం. ఇక్కడి జిప్సమ్ బోర్డు గోడలకి చాలా ఇళ్లలో సన్నటి గరుకు టెక్స్చర్ ఉంటుంది కాబట్టి ఎత్తుపల్లాల బాధ తక్కువ. అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు మాత్రం ఓనర్‌ని అడగకుండా డబ్బా తెరవకండి. ఖాళీ చేసేటప్పుడు ముదురు రంగుని తెలుపుగా మార్చడానికయ్యే ఖర్చు డిపాజిట్‌లోంచే పోతుంది.

శ్రావ్య_కె
షేడ్ కార్డులో రాని చిక్కు ఇంకొకటి ఉంది. తెల్ల స్విచ్‌బోర్డులు, తెల్ల ఏసీ, దాని పైపు కవరు, తెల్ల ఫ్యాను... రంగు వేయగానే అన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడతాయి. మేం స్విచ్ ప్లేట్లు బూడిద రంగువి మార్పించాం. ఏసీని ఏం చేయలేక వదిలేశాం. టీవీ గోడకైతే ఈ రంగు బాగా కలిసొచ్చింది, ఆపేసి ఉన్నప్పుడు టీవీ గోడలో కలిసిపోతుంది.

దోమ వాలితే మాత్రం దేవుడికే ఎరుక. బ్యాట్ పట్టుకుని గోడంతా తడుముకోవాల్సిందే.

వైజాగ్_అపర్ణ
హహ, అది మాత్రం నిజం!
లైట్ల మాటొస్తే, 6500 కెల్విన్ (బల్బు డబ్బా మీద వెలుగు రంగు చెప్పే అంకె) తెల్ల బల్బు కింద మా వంకాయ రంగు జీవం లేకుండా బూడిదగా కనిపించేది. 3000 కెల్విన్ పసుపు వెలుగుకి మార్చాక షాపులో చూసిన రంగు తిరిగొచ్చింది. మంచానికి అటూ ఇటూ చిన్న లైట్లు పెట్టుకోండి. షేడ్ ఖాయం చేసేముందు శాంపిల్ డబ్బా కొని రెండడుగుల అట్ట ముక్కకి పూసి, పొద్దునా సాయంత్రం లైట్ల కింద ఆ గోడ మీదే ఆనించి చూడండి. మీది పడమర కిటికీ కాబట్టి సాయంత్రపు ఎండలో ఆకుపచ్చ పసుపుకి తిరుగుతుంది.

లలిత_మియాపూర్
అందరికీ థాంక్సండీ. టార్చ్ పెట్టి చూశాను, గోడ నిండా గతుకులే! అవతల బాత్‌రూమ్ లేదు, అదొక్కటి నయం. అత్తయ్యగారికి అట్టముక్క చూపిస్తే "ఇది నలుపెక్కడమ్మా, నా పెళ్లినాటి పట్టుచీర రంగు, మెరూన్ అంచు ఉండేది" అన్నారు. ఇప్పుడు కర్టెన్లు మెరూన్‌వి తెమ్మంటున్నారు. ఆకుపచ్చకే ఖాయం, ఒక్క గోడకే. మేస్త్రి గారూ, పుట్టీ మొత్తం గీకించి కొత్తగా పెట్టించాలా, ఉన్నదాని మీదే సరిచేస్తే సరిపోతుందా?

మేస్త్రి_గుంటూరు
గోడని వేలి కణుపుతో తట్టి చూడండమ్మా. డొల్ల శబ్దం వచ్చిన చోట, చేత్తో రుద్దితే పొడి రాలే చోట గీకించాలి. మిగతాది గట్టిగా ఉంటే పైన పల్చగా రెండు పూతల పుట్టీ పట్టించి ఎమరీ కొట్టిస్తే చాలు. కూలి రేటు మాట్లాడేటప్పుడే మూడు కోట్లని చెప్పండి. రెండింటికి ఒప్పుకుని మూడోదానికి పేచీ పెట్టేవాళ్లున్నారు.