గోధుమ మానేశాక పరీక్ష చేయించుకోవచ్చా?

పర్లాకిమిడి కోడలు: రెండు చపాతీలు తింటే చాలు, తెల్లారేసరికి పొట్ట డోలులా ఉబ్బిపోయేది. మూడు నెలల కిందట నేనే గోధుమ మానేశాను, ఇప్పుడు హాయిగా ఉంది. పీహెచ్‌సీలో "నాకు గ్లూటెన్, అదే గోధుమలోని ప్రొటీన్, పడదండీ" అంటే "పరీక్ష చేయించావా అమ్మా?" అన్నారు డాక్టరుగారు. చేయించనా?

రాయగడ అక్క: ఆగమ్మా. గోధుమ మానేశాక రక్తపరీక్ష చేయిస్తే సీలియాక్, అంటే గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు, ఉన్నా లేనట్టు రావచ్చు. మా బాబుకి అలాగే అయింది. మళ్లీ ఆరు వారాలు రోజూ చపాతీ పెట్టి చేయించాం, ఏడుస్తూ తినేవాడు పాపం. డాక్టరుగారిని అడిగే మొదలుపెట్టు.

గుణుపురం: గ్లూటెనే కానక్కర్లేదండి. గోధుమలోని ఫ్రక్టాన్లు అనే ఒక రకం పిండిపదార్థాల వల్ల కూడా ఉబ్బుతుంది, ఉల్లి, వెల్లుల్లిలోనూ అవి ఉంటాయి. బొంబాయిరవ్వ, సేమ్యా మానేశారా? ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు.

పర్లాకిమిడి కోడలు: అయ్యో, ఇప్పుడే డబ్బా తిప్పి చూశాను, ఉంది! రోజూ పప్పులో వేస్తూనే ఉన్నానక్కా, పొట్ట ఏమీ అనలేదు. ఇదీ డాక్టరుగారికి చెప్తాను.