డౌలాను తెలుగులో ఏమందాం? ‘మంత్రసాని’ అంటే సరిపోతుందా?

కాన్పు సమయంలో తల్లిని వదలకుండా పక్కనే ఉండి, నడుము నొక్కి, నీళ్ళు తాగించి, ధైర్యం చెప్పే మనిషిని ముందే మాట్లాడి కుదుర్చుకోవడం ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరుల్లో కూడా కనిపిస్తోంది. ఆమెను డౌలా అంటున్నారు. మనం ఏమనాలి?

నిఘంటువు కోసం అడగడం లేదు. మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది, తొలిచూలు, ఏడో నెల. అమ్మకి వీసా ఇంటర్వ్యూ తేదీ ఇంకా దొరకలేదు. డౌలాను పెట్టుకుంటానని చెల్లెలు అంటే అమ్మ, “అంటే మంత్రసానేగా? అంత పెద్ద ఆసుపత్రి ఉండగా మంత్రసాని ఎందుకే?” అంది. మా మరిది కల్పించుకుని “నర్సు లాంటి ఆవిడ అనుకోండి అత్తయ్యా” అన్నాడు. “అక్కడ నర్సులు లేరా?” అని అమ్మ. మాట కుదరకపోయేసరికి అసలు విషయం పక్కకు పోయింది. పెట్టుకోవాలా వద్దా అన్నది ఇంట్లో ఎవరూ మాట్లాడనే లేదు.

డౌలా బీపీ చూడదు, బిడ్డ గుండె చప్పుడు వినదు, లోపల పరీక్ష చేయదు, బిడ్డను పట్టదు, మందు ఇవ్వదు. కాన్పుకు ముందు రెండు మూడుసార్లు వచ్చి మాట్లాడుతుంది. నెలలు నిండే రోజుల్లో ఎప్పుడు ఫోన్ చేసినా వచ్చేలా సిద్ధంగా ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ పుట్టి పాలు పట్టే దాకా ఉంటుంది. డోనా ఇంటర్నేషనల్ లాంటి సంస్థలు శిక్షణ, సర్టిఫికెట్ ఇస్తాయి కానీ అది నర్సుకుండే లైసెన్సు లాంటిది కాదు. ‘ప్రసవ సహాయకురాలు’ అంటే ప్రభుత్వ సర్క్యులర్‌లా ఉంది. ‘దాది’ అంటే పాలిచ్చి పెంచే ఆమె గుర్తొస్తుంది. నాకు ‘కాన్పు తోడు’ అని తోచింది. మీరేమంటారు?

*శ్రీకాకుళం సభ్యురాలి జవాబు*

మంత్రసాని మాత్రం అనకండి. మా వీధిలో ఒకావిడ ఉండేది, చుట్టుపక్కల పిల్లలందరికీ ఆవిడే పురుడు పోసింది. ఆ క్రియ గమనించండి: పురుడు పోయడం. అంటే బిడ్డను పట్టడం, మాయ పడిందో లేదో చూడటం, బొడ్డు కోయడం, తొలి స్నానం చేయించడం, ఆ గుడ్డలన్నీ ఎత్తి శుభ్రం చేయడం, అంతా ఆవిడ బాధ్యతే. “మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి” అనే సామెత అందుకే పుట్టింది. మీరు చెప్పే ఆవిడ ఏదీ ‘పట్టదు’ కదా. పురుడు పోయని మనిషిని మంత్రసాని అంటే రేపు ఏదైనా అటూ ఇటూ అయితే ఇంట్లోవాళ్ళు ఆమె వంకే చూస్తారు.

*విజయవాడ సభ్యుడి జవాబు*

మూలం సంగతి చెప్తాను. డౌలా గ్రీకు మాట. ప్రాచీన గ్రీకులో దాసి, బానిస స్త్రీ అని అర్థం. బాలింతకు సాయపడే స్త్రీ అన్న అర్థంలో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది అమెరికన్ మానవశాస్త్రవేత్త డేనా రాఫెల్, 1973లో తల్లిపాల మీద రాసిన పుస్తకంలో. అంటే మొదట్లో పట్టింపు కాన్పు తర్వాతి రోజుల మీదే. కాన్పు గదిలోని తోడుకు ఆ పేరు ఆ తర్వాతే స్థిరపడింది. దాసి అనే అర్థం నచ్చక ఆ వృత్తిలోనే కొందరు ఈ పేరు వాడరు. మన ‘సాని’ స్వామినికి తద్భవం, దొరసానిలో ఉన్నదే. గ్రీకులు దాసి అన్నచోట మనవాళ్ళు యజమానురాలు అన్నారు. ఆ గౌరవాన్ని పోగొట్టుకోకూడదని నా అభిప్రాయం. మంత్రసాని అనకపోయినా సరే, ‘సహాయకురాలు’, ‘పనిమనిషి’ వరసలోకి ఆమెను దించకండి.

*కరీంనగర్ వైపు నర్సు జవాబు*

నేను సర్కారు దవాఖానలో లేబర్ రూమ్ డ్యూటీ చేస్తాను. మంత్రసాని అనే మాటను మిడ్‌వైఫ్ కోసం దాచిపెట్టండి, దయచేసి. 2017లో తెలంగాణలో నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది, 2018 చివర్లో కేంద్రం కూడా దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వాళ్ళు నిజంగా పురుడు పోస్తారు, ఆ పేరుకు వాళ్ళే వారసులు.

మీరు అడుగుతున్న మనిషి మాకు కొత్త కాదు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడు మనిషిని లోపలికి రానివ్వాలని చెప్పింది. తనకూ ఒకసారి కాన్పు అయిన ఆడమనిషి అయితే మేలు, అంటురోగం ఉండకూడదు, బట్టలు శుభ్రంగా ఉండాలి, మొదటి నుంచి చివరి దాకా ఉండాలి, మా పనికి అడ్డం రాకూడదు, పక్క మంచం మీది ఆమె దగ్గరికి పోకూడదు. మేం గేటు దగ్గర అడిగేది ఒకటే: “ఎంబడి ఎవరొచ్చిండ్రు?” కాబట్టి తోడు అనే మాట సరైనదే. అన్ని ఆసుపత్రుల్లో ఇది జరుగుతోందని చెప్పలేను. ఒకే గదిలో నాలుగు మంచాలుంటే మధ్యలో తెర కూడా లేనిచోట తోడుని ఎలా రానిస్తాం?

*రాజమండ్రి సభ్యురాలి జవాబు*

మాట సంగతి సరే. అమ్మ, అత్త, పిన్ని, వదిన ఇంతమంది ఉండే జాతి మనది. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకొచ్చేది ఎందుకు? ఆ తోడు కోసమే. దాన్ని గంటల లెక్కన కొనుక్కుని దానికి తెలుగు పేరు వెతకడం నాకు కష్టంగా ఉంది. తోడు అనేది బంధువులు చేసేది. కిరాయి మనిషికి ఆ మాట ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

*మొదట అడిగినావిడ జవాబు*

రాజమండ్రి అక్కా, మీ బాధ అర్థమైంది, దీనికి వివరంగా చెప్పాలి. తిరుచిరాపల్లి కొండ మీద శివుడికి మాతృభూతేశ్వరుడని పేరు, తమిళంలో తాయుమానవర్, అంటే తల్లి కూడా అయినవాడు. నిండు నెలల రత్నావతి దగ్గరికి బయలుదేరిన తల్లి కావేరికి వరదొచ్చి అవతలి ఒడ్డున ఆగిపోయింది. ఇక్కడ నొప్పులు మొదలయ్యాయి. శివుడు ఆ తల్లి రూపంలో వచ్చి పురుడు పోశాడని స్థలపురాణం. అసలు తల్లి వచ్చాక గానీ సంగతి తెలియలేదు. మన కథల్లోనే తల్లి రాలేనప్పుడు మరొకరు ఆ చోటికి రావడం ఉంది, తప్పుగా ఎవరూ అనుకోలేదు. మా చెల్లెలికి కావేరి బదులు కాన్సులేట్ అడ్డం వచ్చింది.

ఇంకో మాట. బంధువులంతా ఉన్నా ఆ గదిలోకి ఎవరు వెళ్తున్నారు? ఎక్కువ చోట్ల మన అమ్మలు లేబర్ రూమ్ బయట బెంచీ మీద కూర్చుంటారు. లోపల పిల్ల ఒక్కతే. నర్సమ్మ ఒకేసారి ముగ్గురిని చూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం. ఇందుకు కారణాలు చాలా ఉన్నాయి, తోడు లేకపోవడమే అనను. కానీ 17 దేశాల్లో 15 వేలమందికి పైగా స్త్రీల మీద జరిగిన అధ్యయనాలను 2017లో కాక్రేన్ సంస్థ కలిపి చూసింది. విడవకుండా ఒకరు తోడున్న వాళ్ళలో మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పుల సమయం కొంచెం తక్కువ, కాన్పు గురించి చేదు జ్ఞాపకం కూడా తక్కువ. సిజేరియన్ తగ్గడం డౌలా తరహా తోడు ఉన్నచోట బాగా కనిపించింది. 1980లో గ్వాటెమాలా అధ్యయనంలో తోడుగా వచ్చిన స్త్రీలు ఏ శిక్షణా లేనివాళ్ళు, తల్లికి ముందు పరిచయం కూడా లేనివాళ్ళు. అయినా ఫలితం కనిపించింది. అంటే అక్కడ పనిచేసింది బంధుత్వం కాదు, వదలకుండా ఉండటం.

అమ్మ పక్కన ఉంటే అంతకంటే కావలసింది లేదు. అయితే కూతురు అరుస్తుంటే తట్టుకోలేక ఏడ్చే అమ్మలు ఉంటారు, అది వాళ్ళ తప్పు కాదు. అలాంటి చోట ఇద్దరూ ఉంటే మంచిది.

*కాలిఫోర్నియా సభ్యురాలి జవాబు*

నేను పెట్టుకున్నాను కాబట్టి చెప్తాను. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆవిడ నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులతో తుంటి ఎముకలను రెండు వైపుల నుంచి లోపలికి గట్టిగా నొక్కి పట్టుకునేది. నొప్పి తగ్గే దాకా వదిలేది కాదు. తర్వాత మా ఆయన చేతులు పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపించి తను పక్కకు జరిగింది. ఆయన అప్పటిదాకా టెన్షన్‌తో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను చివరికి ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మందు) తీసుకున్నాను, ఆవిడ ముఖం చిట్లించలేదు. కాళ్ళ మధ్య పొడుగు బంతి పెట్టి అరగంటకోసారి పక్క తిప్పింది. డాక్టరు ఏదైనా చెప్పినప్పుడు ఆవిడ నా బదులు మాట్లాడలేదు, “ఇంకేమైనా అడగాలా?” అని నన్నే అడిగింది.

ముందు తెలుసుకోవాల్సినవి: ఆసుపత్రి లోపలికి ఎంతమందిని రానిస్తుంది, డౌలాను ఆ లెక్కలో కలుపుతారా, ఆ రోజు ఆవిడ రాలేకపోతే ఎవరొస్తారు, సిజేరియన్ అయితే థియేటర్‌లోకి రానిస్తారా. హైదరాబాద్‌లో అయితే ఆవిడను మాట్లాడుకోకముందే డాక్టరును అడగండి, కొన్నిచోట్ల భర్తను కూడా రానివ్వరు. సహజ కాన్పే గ్యారంటీ అని ఎవరైనా డౌలా చెప్తే ఆవిడను వద్దనుకోండి. ఖర్చు విషయం: ఇక్కడ ప్రభుత్వ బీమా మెడికాల్ 2023 జనవరి నుంచి భరిస్తోంది. నాది ప్రైవేటు బీమా, చేతి నుంచే పెట్టుకున్నాం.

*రాజమండ్రి సభ్యురాలి జవాబు*

వదలకుండా ఉండటం అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా అక్కయ్య కాన్పప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. సరే, తోడు అనండి, అభ్యంతరం లేదు. అయితే ‘కాన్పు తోడు’ కన్నా ‘పురిటి తోడు’ వినసొంపుగా లేదూ? పురిటి నొప్పులు, పురిటి గది ఉండనే ఉన్నాయి.

*శ్రీకాకుళం సభ్యురాలి జవాబు*

పురుడు అంటే చాలా ఇళ్ళల్లో బిడ్డ పుట్టాక పాటించే మైల రోజులు కూడా. ‘పురిటి తోడు’ అంటే పదకొండు రోజులూ ఉంటుందనుకుంటారు. కాన్పుకు ఆ గందరగోళం లేదు. నా ఓటు కాన్పు తోడుకే.

*మొదట అడిగినావిడ జవాబు*

అమ్మకి ఈ చర్చంతా చదివి వినిపించాను. “కాన్పుకి తోడు మనిషి అని మొదటే చెప్పొచ్చుగా” అంది. చెల్లెలు ఇద్దరితో మాట్లాడింది, కాలిఫోర్నియా సభ్యురాలు చెప్పిన ప్రశ్నలే అడిగింది. ఒకావిడను ఖాయం చేసుకుంది. వీసా వస్తే అమ్మా ఉంటుంది, ఆవిడా ఉంటుంది.

ఇంకొకటి మిగిలింది. కాన్పయ్యాక ఇంటికొచ్చి రాత్రిళ్ళు బిడ్డను చూసి, తల్లికి వండిపెట్టి, పాలు పట్టడంలో సాయపడేవాళ్ళను పోస్ట్‌పార్టమ్ డౌలా అంటున్నారు. ‘బాలింత తోడు’ అనొచ్చా? మీ ఊళ్ళల్లో పథ్యం వండి, తల్లీబిడ్డలకు నీళ్ళు పోయడానికి వచ్చే ఆవిడను ఏమని పిలిచేవాళ్ళో చెప్పండి.