ఒక్క రిపోర్టు చూసి ఏపీఎస్ అని ఖాయం చేసుకోవచ్చా?

ప్రశ్న:
మా చెల్లికి ఎడమ పిక్క వాచిపోయి అడుగు వేయలేకపోతే స్కాన్ తీశారు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని వెంటనే హెపారిన్ (గడ్డకట్టకుండా ఆపే మందు) మొదలుపెట్టారు. మర్నాడు ఏపీఎస్ (యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్; ఒంట్లో తయారయ్యే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డలు కట్టే, గర్భం కూడా నిలవకపోవచ్చే జబ్బు) కోసం తీసిన రక్తానికి వచ్చిన రిపోర్టు ఇది, మూడూ ఆ యాంటీబాడీల పరీక్షలే: లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్, యాంటీకార్డియోలిపిన్ ఐజీజీ నార్మల్, ఐజీఎం 24, బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలు నెగటివ్. ఏపీటీటీ (ట్యూబులో రక్తం గడ్డకట్టడానికి పట్టే టైమ్) కూడా పెరిగింది. అది పెరిగితే రక్తం ఆలస్యంగా గడ్డకడుతుందంటారు కదా, మరి కాలిలో గడ్డ ఎలా వచ్చింది? ఇంట్లో అందరూ జబ్బు ఖాయమైనట్టే మాట్లాడుతున్నారు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు, పిల్లలు పుట్టరేమోనని రాత్రిళ్లు ఏడుస్తోంది.

జవాబు:
రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసే ల్యాబ్‌లోనే నా ఉద్యోగం అండీ. మీ పోస్టులో నా కళ్లు ఆగింది హెపారిన్ దగ్గర. హెపారిన్ ఎక్కుతుండగా తీస్తే ఏపీటీటీ ఎలాగూ పెరుగుతుంది, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ లేకపోయినా ఉన్నట్టు కనబడవచ్చు. పైగా గడ్డ కొత్తగా వచ్చినప్పుడు ఒంట్లో ఉండే వాపు కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. మేమైతే ఆ ట్యూబును రెండుసార్లు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. ప్లేట్‌లెట్లు మిగిలితే వాటిలోని ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం కలిసి అసలు పాజిటివ్ కూడా దాగిపోతుంది. అంత సున్నితమైన పరీక్ష. మిగతా రెండు పరీక్షలకు హెపారిన్‌తో ఇబ్బంది లేదు, కాబట్టి వాటిని నమ్మవచ్చు. అయితే 24 తక్కువ స్థాయి. 40 దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు. ఇన్ఫెక్షన్ల తర్వాత ఇలాంటివి కొన్నాళ్లు కనబడి పోతుంటాయి. అందుకే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి, అప్పుడూ పాజిటివ్ అయితేనే ఏపీఎస్ అంటారు.

ఏపీటీటీ సంగతి: ఈ యాంటీబాడీలు నిజంగా ఉంటే, ట్యూబులో గడ్డకట్టడానికి కావలసిన ఫాస్ఫోలిపిడ్‌ను అవి అడ్డుకుంటాయి, అందుకే టైమ్ పెరుగుతుంది. ఒంట్లో మాత్రం రక్తనాళాల లోపలి పొరనూ ప్లేట్‌లెట్లనూ రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి. రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఇంకో జవాబు:
నాకు మూడు పరీక్షలూ రెండుసార్లూ పాజిటివే వచ్చాయి. గడ్డల ముప్పు అన్నిటికన్నా ఎక్కువ ఉండే రకం ఇదే. వార్ఫరిన్ (గడ్డకట్టకుండా ఆపే మాత్ర) వాడుతూ ఐఎన్ఆర్ (ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే అంకె) 2, 3 మధ్య ఉంచుకుంటున్నాను. నాలాంటి వాళ్లలో రివరాక్సబాన్ అనే అలాంటిదే మరో మందును వార్ఫరిన్‌తో పోల్చిన ట్రయల్‌ను, రివరాక్సబాన్ వాడినవాళ్లలో స్ట్రోకులు, గుండెపోట్లు ఎక్కువ వస్తున్నాయని మధ్యలోనే ఆపేశారు. అవి 2018లో వచ్చిన ఫలితాలు. మందు మార్చుకునే ముందు ఈ మాట డాక్టరును తప్పకుండా అడగండి.

చెల్లెమ్మకు నా మాటగా చెప్పండి: నాకు కూతురుంది. గర్భం రాగానే వార్ఫరిన్ మాన్పించారు, అది కడుపులో బిడ్డకు మంచిది కాదు. చిన్న డోసు ఆస్పిరిన్, రోజూ పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్‌తో నెలలు గడిచాయి. పొట్టంతా నీలం మచ్చలే, అయినా పాప క్షేమంగా పుట్టింది. పిల్లల కోసం అనుకున్నప్పుడు ముందే డాక్టరుతో మాట్లాడాలి, అంతే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. మీ జవాబులు దానికి చదివి వినిపించాను. మళ్లీ పరీక్ష చేసేనాటికి కూడా మందు నడుస్తూనే ఉంటుంది. ఆపి వెళ్లాలా?

ల్యాబ్ నుంచి:
సొంతంగా ఒక్క డోసు కూడా ఆపకండి, గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. రక్తం ఏ టైమ్‌కి తీయాలో డాక్టరే చెబుతారు. శాంపిల్ ఫారం మీద మందు పేరు, చివరి డోసు ఎన్నింటికి పడిందీ రాయించండి. ఫారంలో అది ఖాళీగా వస్తే మాకు తెలిసే దారి లేదు.