పిల్లలు, అత్తమ్మతోని మొదటిసారి ఫారిన్ ట్రిప్... ఫుకెట్టా, శ్రీలంకనా, ఏది సేఫ్?

హన్మకొండ_అమ్మ
అందరికి నమస్తే. మే నెలల పిల్లల సెలవులకు ఒక వారం బయటి దేశం పోయొద్దామని మా ఆయన రెండేండ్ల సంది పైసలు జమ చేస్తున్నడు. మేమిద్దరం, పాపకు తొమ్మిదేండ్లు, బాబుకు ఐదు, అత్తమ్మకు 67, ఆమెకు బీపీ షుగర్ రెండూ ఉన్నయి. పిల్లలు సముద్రం సముద్రం అంటున్నరని థాయిలాండ్ల ఉన్న ఫుకెట్ అనుకున్నం. కని మా బాపు వద్దంటుండు. 2025ల థాయిలాండ్ కంబోడియా బార్డర్ల కొట్లాటైంది, మన పోరగాండ్లను కొలువులని చెప్పి థాయిలాండ్ మీదికెళ్లే మయన్మార్ తీస్కపోయి సైబర్ మోసాల క్యాంపులల్ల పెట్టిండ్రు, అటు పోతవా బిడ్డా అంటుండు. సరే శ్రీలంక పోతమంటే 2019ల ఈస్టర్ నాడు బాంబులు పేలినయి మర్చిపోయినవా అంటడు. నాకైతే నిద్ర పడ్తలేదు. అసలు ఏం చూసి డిసైడ్ చేస్కోవాలె? పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట_కాలనీ
చెల్లె, బాపు భయపడుడు తప్పు కాదు, కని ఆ బార్డర్ తూర్పు దిక్కు, ఫుకెట్ పడమర సముద్రంల, నడుమ వందల కిలోమీటర్లు. మయన్మార్ మోసం కూడా కొలువు ఆశ చూపెట్టి చేసేది, రిటర్న్ టికెట్ తోని పోయే కుటుంబానికి దాంతోని పనిలేదు. నేను వద్దనేది మే నెలను. మేం మే ఆఖరుల పోయినం, టికెట్లు హోటల్ అన్నీ సగం రేటుకు దొరికినయని సంబరపడ్డం, ఎందుకు సగం రేటో అక్కడికి పోయినంక తెలిసింది. మే నుంచి అక్టోబర్ దాక నైరుతి గాలులకు ఆ పడమటి బీచులల్ల నీళ్లు లోపటికి గుంజుతయి, రిప్ కరెంట్ అంటరు, ఎర్రజెండాలు పాతుతరు. మా బాబు మోకాళ్ల లోతులనే ఉన్నడు, ఒక్క అల వెనుకకు పోయేటప్పుడు కాళ్లకింద ఇసుక జారి పడ్డడు, చెయ్యి నా చేతిల ఉంది కాబట్టి బతికిండు. ఇప్పటికీ అది యాదికొస్తె గుండె దడదడ అంటది. 2018 జూలైల ఫుకెట్ కాడ టూరిస్టుల బోటు మునిగి 47 మంది పోయిండ్రు, అది కూడా గా సీజన్లనే. గోదారి పొంగినప్పుడు మనం పిల్లల్ని దించుతమా? నవంబర్ నుంచి మార్చి దాక ఫుకెట్ సముద్రం నిమ్మళంగ ఉంటది, అప్పుడు పోండ్రి.

ఇంకోటి, అక్కడ స్కూటీ కిరాయికి తీస్కోవద్దు. పిల్లల్ని ముందు వెనుక కూసోబెట్టుకొని చానమంది తిరుగుతరు. బండి నడిపేటందుకు చెల్లే ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుంటే యాక్సిడెంటైనప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తరు.

సుబేదారి_సిస్టర్ (రిటైర్డ్ స్టాఫ్ నర్సు)
అందరు పిల్లల గురించే చెప్తున్నరు, అత్తమ్మ సంగతి ఏంది? ట్రావెల్ ఇన్సూరెన్స్ తీస్కునేటప్పుడు బీపీ షుగర్ దాచకుండ రాయించుండ్రి. ముందటి సంది ఉన్న రోగాలకు చానా పాలసీలు పైసలియ్యవు, ప్రాణం మీదికొస్తేనే ఇచ్చేటివి కొన్ని ఉంటయి, ఆ లైన్ చదివినంకనే సంతకం పెట్టాలె. గోలీలు, ఇన్సులిన్ చేతి బ్యాగులనే పెట్టాలె, లగేజీల వేస్తే బ్యాగు తప్పిపోయిన నాడు ఏం చేస్తరు, మందు అసలు పేరుతోని డాక్టర్ చీటీ కూడ ఉండాలె. ఇంకా కుక్కలు, కోతులు. థాయిలాండ్ల, శ్రీలంకల, బాలిల, అంతట రేబిస్ ఉంది. గుడికాడ కోతికి అరటిపండు ఇద్దామని పిల్లలు ఉరుకుతరు, అస్సలు పోనియ్యద్దు. గీరినా సరే సబ్బుతోని పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు సూదేయించాలె. అంబులెన్స్ నంబర్లు రాస్కోండి, థాయిలాండ్ల 1669, శ్రీలంకల 1990. థాయిలాండ్ టూరిస్ట్ పోలీసులది 1155.

పరకాల_పోరడు
అక్కా, శ్రీలంక పోవుడైతే మేల పడమర, దక్షిణం ఒడ్డున ఉన్న బెంటోట, మిరిస్సా దిక్కు సముద్రం గూడ గిట్లనే ఉంటది. ఆ నెలల తూర్పు ఒడ్డున ఉన్న త్రింకోమలీ దిక్కు మంచిగుంటది, కని కొలంబో నుంచి వ్యానుల ఐదారు గంటలు, పెద్దమనిషికి కష్టం. నువారా ఎలియా ఘాట్ రోడ్డు రాత్రిపూట మాత్రం వద్దు, డ్రైవర్ పోదాం సార్ అన్నా ఆగుండ్రి.

జగిత్యాల_గల్ఫ్
దుబాయ్ ఆలోచన ఉంటె మేల రాకుండ్రి, మన రామగుండం ఎండే నయమనిపిస్తది. ఎప్పుడొచ్చినా సామాన్లల్ల గసగసాలు పెట్టుకోకుండ్రి, ఇక్కడ మత్తుమందు కింద లెక్క, జైల్ల పడ్తరు. మనోళ్లు మసాలాల పొట్లం కట్టి పంపుతరు, అందుకే చెప్తున్న.

హన్మకొండ_అమ్మ
అన్నా, సిస్టర్, అందరికి దండాలు. ఇవన్నీ మా బాపుకు చదివి వినిపించిన. బార్డర్ మాట మళ్ల ఎత్తలేదు, నీళ్లల్ల బాబు చెయ్యి ఇడువనని నాతోని ఒట్టేయించుకున్నడు. మే నెల క్యాన్సిల్, సంక్రాంతి సెలవులకు ఫుకెట్. స్కూటీ లేదు. సిస్టర్, అత్తమ్మకు షుగర్ టెస్ట్ సోమవారం చేయిస్తున్నం, రిపోర్ట్ వచ్చినంక మిమ్మల్ని మళ్ల అడుగుత.