రేడియోలో ఊరి పేరు చెప్పనివ్వాలా వద్దా? ఉద్దానం ఫోన్-ఇన్ మీద మీ మాట

జీడితోట (కంచిలి):
మొన్న రేడియోలో మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు, తాగునీటి మీద ఫోన్-ఇన్ వచ్చింది, ఇక్కడ చాలామంది వినే ఉంటారు. స్టూడియోలో ఒక డాక్టరు గారు, నీటి సరఫరా వైపు నుంచి ఒక అధికారి కూర్చున్నారు. వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒకావిడ లైన్లోకి వచ్చి, మాది ఫలానా ఊరు బాబూ, మా వీధి కుళాయికి... అని మొదలుపెట్టిందో లేదో యాంకర్ అడ్డుపడిపోయాడు. ఊరి పేరు వద్దమ్మా, మండలం చెబితే చాలు అన్నాడు. ఆవిడ తడబడి సగం సంగతే చెప్పి ఫోన్ పెట్టేసింది. ఇక అధికారి గారు హాయిగా, ఆ మండలంలో పథకం బాగానే నడుస్తోంది, ఎక్కడైనా చిన్నచిన్న ఇబ్బందులుంటే పరిశీలిస్తాం అనేశారు. ఏ ఊరో తెలియకుండా ఎక్కడికెళ్లి పరిశీలిస్తారండీ?

తర్వాత యాంకర్ కారణం కూడా చెప్పాడు. ఊరి పేరు బయటికొస్తే ఆ ఊరి పిల్లలకు పెళ్లి సంబంధాలు రావడం లేదట. ఆ మాటలో నిజం ఉంది, మా దగ్గర అందరికీ తెలుసు. కానీ ఆ రోజు పేరు దాచినందువల్ల మేలు జరిగింది ఊరికా, అధికారికా? అధికారికే అంటాను నేను. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

కవిటి కోడలు:
నేను ఒప్పుకోను తమ్ముడూ. నువ్వు మగపిల్లాడివి కాబట్టి ఇంత సులువుగా అంటున్నావు. మా పిన్ని కూతురికి బరంపురం వైపు నుంచి ఒక సంబంధం, విజయనగరం వైపు నుంచి ఒక సంబంధం వచ్చాయి. రెండు చోట్లా పిల్లని చూసి, కట్నం గురించి కూడా మాట్లాడుకున్నాక, మీ ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉందా అని మొదలైంది, ఆ తర్వాత పిల్లకి క్రియాటినిన్ పరీక్ష, అదే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, చేయించి కాగితం పంపమన్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల, డిగ్రీ చదివింది, అయినా కాగితం కావాలి. కాగితం పంపితే మాత్రం చేసుకున్నారా, లేదు. మళ్లీ రేడియోలో ఫలానా ఊళ్లో ఇంటికొకరికి ఉంది అని ఎవరో ఒకరు చెప్తారు, అది విజయనగరంలో కూర్చున్న పెళ్లిళ్ల పేరయ్య వింటాడు, ఆ ఊరి పేరు పుస్తకంలో కొట్టేస్తాడు. నీటి సమస్య ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది తీరుతుంది, పిల్లల వయసు ఆగుతుందా?

యాంకర్ చేసింది రైటే.

పాత ట్రాన్సిస్టర్ (శ్రీకాకుళం):
విశాఖ ఆకాశవాణి 1963లో మొదలైంది, నేను ఊహ తెలిసిన దగ్గర్నుంచి వింటున్న మనిషిని, కాబట్టి రెండు మాటలు చెప్పనివ్వండి. ప్రైవేటు ఎఫ్ఎంలకు గానీ కమ్యూనిటీ రేడియోలకు గానీ సొంతంగా వార్తలు వేసే వీలు లేదు. అంటే అధికారిని కూర్చోబెట్టి మా కుళాయి సంగతేంటని జనం చేత అడిగించే పని ఎక్కువగా ఎవరి మీద పడుతుంది? ప్రభుత్వ రేడియో మీదే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ప్రజల ఆస్తిలో ప్రజలే తమ ఊరి పేరు చెప్పుకోకూడదంటే వినడానికి ఎలాగో ఉంది.

అయితే లైవ్‌లో భయాలు కూడా ఉంటాయి. ఒకడు లైన్లోకొచ్చి మా పక్కింటాయనకి డయాలసిస్, ఆయన కొడుక్కి కూడా మొదలైంది అంటాడు, ఆ పక్కింటాయన్ని ఎవరడిగారు? అక్కడ ఆపాలి. మనిషి పేరు, ఇంటి పేరు వద్దు. ఊరి పేరు మాత్రం ఉండాలి. నా మాట ఇదే.

బొబ్బిలి వీణ:
మా విజయనగరం వైపు సంగతి చెప్తా. 2024 అక్టోబరులో గుర్లలో అతిసారం వచ్చి మనుషులు పోయారు. ఎంతమంది పోయారన్న లెక్క మీద కూడా గొడవే, అధికారులదొక లెక్క, ఊరివాళ్లదొక లెక్క. అయినా గుర్ల, గుర్ల అని పేపర్లలో, టీవీల్లో ఊరి పేరు మోగిపోయింది కాబట్టే మెడికల్ క్యాంపులు, మంత్రులు, ట్యాంకర్లు అన్నీ పరుగెత్తుకొచ్చాయి. అప్పుడు కూడా ‘విజయనగరం జిల్లాలో ఒక మండలంలో’ అని ఊరుకుని ఉంటే ఎవరొచ్చేవారు? జీడితోట తమ్ముడితో ఏకీభవిస్తున్నా.

కవిటి కోడలు:
వీణ గారూ, అతిసారం పదిహేను రోజుల్లో తగ్గుతుంది, ఆర్నెల్లయ్యాక గుర్ల పిల్లని చేసుకోడానికి ఎవరూ భయపడరు. మాది అలాంటిది కాదు కదా. ఒకసారి కిడ్నీ ఊరు అని పేరు పడితే అది తరాలు పోదు. ఆ రెంటినీ ఒకేలా మాట్లాడకండి దయచేసి.

డయాలసిస్ డ్యూటీ:
నేను డయాలసిస్ సెంటర్లో పనిచేస్తాను, ఎక్కడో చెప్పను. కోడలు గారు చెప్పిన తేడా ముఖ్యమైనది. దానికి ఇంకోటి కలుపుతాను. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటిదాకా తేల్చి చెప్పినవాళ్లు లేరు. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా తోట పని అన్నారు, ఒళ్లు నొప్పులకి మింగే మాత్రలన్నారు. శ్రీలంక రైతుల్లో, మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా కారణం మీద వాదనలే. అలాంటప్పుడు రేడియోలో ఫలానా ఊరు, ఫలానా ఊరు అని చదువుకుంటూ పోతే వినేవాడికి ఆ ఊరి మట్టిలోనే ఏదో ఉంది, ఆ ఊరి రక్తంలోనే ఉంది అనిపిస్తుంది. ఇది అంటుకునే రోగం కాదు అని ఆ ప్రోగ్రాంలో ఒక్కసారైనా గట్టిగా చెప్పారా? నేను మొత్తం విన్నాను, చెప్పలేదు. జబ్బు బాగా ముదిరేదాకా లక్షణాలు కనపడవని, అందుకే ఏమీ లేకపోయినా రక్తపరీక్ష చేయించుకోవాలని, నొప్పి మాత్రలు కొట్టులో అడిగి కొనుక్కోవద్దని డాక్టరు గారు చెప్పబోతుంటే టైం అయిపోయిందని పాట వేశారు. నాకు ఊరి పేరు కన్నా దాని మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఇంకో చిన్న మాట. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు బెడ్ మీద ఉండే పేషెంట్లు ఆ ప్రోగ్రాంని ఫోన్లో పెట్టుకుని విన్నారు. ఊరు చెప్పకపోయినా ఆ లైన్లోకొచ్చినావిడ గొంతు ఇద్దరు గుర్తుపట్టేశారు. ఇక దాచిందేంటి?

వేరావల్ బోటు:
హహ గొంతు సంగతి నిజమే. మేం గుజరాత్‌లో ఉన్నా యాప్‌లో మన రేడియో వింటాం, యాస వింటేనే ఏ మండలమో చెప్పేస్తాం. 2018 నవంబరులో చేపల వేటకెళ్లిన మనవాళ్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయినప్పుడు ఊరి పేర్లు అందరూ చెప్పారు, ఆడవాళ్లు కెమెరాల ముందుకొచ్చి ఏడ్చారు, 2020 జనవరిలో విడిచిపెట్టారు. పేరు దాచుకుంటే ఎవరికి పట్టేది? నా ఓటు ఊరి పేరుకే.

కవిటి కోడలు:
పట్టుబడిన వాళ్ల సంగతికీ దీనికీ సంబంధం ఏటి బాబూ. అది జాలి పుట్టించే పేరు, ఇది భయం పుట్టించే పేరు.

జీడితోట (కంచిలి):
అప్పా, నీ పిన్ని కూతురి సంగతికి నాకూ బాధగానే ఉంది, మా ఇంట్లోనూ ఇద్దరు చెల్లెళ్లున్నారు, కాబట్టి మగపిల్లాడివి అని తీసెయ్యకు. కానీ ఒక్కటి ఆలోచించు. సంబంధాలు పోయింది రేడియో వల్లనా? 2017 జనవరిలో పవన్ కల్యాణ్ కిడ్నీ బాధితుల్ని కలవడానికి ఇచ్ఛాపురం వచ్చినప్పటి నుంచి టీవీల వాళ్లు ఇంటింటికీ తిరిగి మనుషుల మొహాలే చూపించారు, మంచాల మీద ఉన్నవాళ్లని కూడా. 700 కోట్లు పెట్టి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులేసి నీళ్లు తెచ్చిన పథకంలో మన ఏడు మండలాల్లో 807 ఊళ్లున్నాయి, ఆ ఊళ్ల జాబితా ప్రభుత్వం దగ్గరే ఉంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ఇంత చేశాక ఉద్దానంలో జబ్బు ఉందన్నది ఎవరికి రహస్యం? పెళ్లిళ్ల పేరయ్యకి రేడియో అక్కర్లేదు, వాడికి ఆధార్ కార్డు మీద మండలం కనిపిస్తే చాలు.

అంటే యాంకర్ ‘మండలం చెప్పండి చాలు’ అన్నప్పుడే పోవాల్సిన పరువు పోయింది. మిగిలింది కుళాయి సంగతి ఒక్కటే. దాన్ని పట్టించుకోవడానికి కావాల్సిన ఒకే ఒక్క ముక్కని, అదే ఊరి పేరుని, ఆపేశారు. హిరమండలం నీళ్లు ఊరి ట్యాంకు దాకా వచ్చి అక్కడ్నుంచి వీధిలోకి రాకపోతే అది ఒక వాల్వు సమస్యో ఒక మోటారు సమస్యో అయ్యుంటుంది. మండలం మొత్తానికి కలిపి దానికి జవాబుండదు. 20 లీటర్ల డబ్బా కొనుక్కునేవాళ్లు ఇంకా ఎన్ని ఊళ్లలో ఉన్నారో ఆ అధికారికి నిజంగా తెలియాలంటే ఊరి పేర్లు ఒక్కోటీ వినాలి కదా.

పాత ట్రాన్సిస్టర్ (శ్రీకాకుళం):
ఊరి పేరు లైన్ మీదకి తీసుకునే ముందే ఫోన్ ఎత్తిన అమ్మాయి రాసుకుంటుంది, ఆ కాగితం అధికారికి ఇస్తే సరిపోదా? ప్రసారంలో లేకుండానే పని జరుగుతుంది.

జీడితోట (కంచిలి):
మాష్టారూ, సోమవారం సోమవారం కలెక్టరేటుకి వెళ్లి అర్జీలిచ్చేవాళ్లం కూడా కాగితాలే ఇస్తున్నాం. కాగితానికి రసీదు వస్తుంది, మెసేజ్ వస్తుంది, ‘పరిష్కరించబడినది’ అని కూడా వస్తుంది, కుళాయిలో నీళ్లే రావు. రేడియోలో అడగడానికి మనిషి గంటసేపు లైను కోసం ఎందుకు కాచుకుంటాడు? నలుగురూ వింటుండగా ఆయన చేత ఒప్పించడానికి. వచ్చే వారం అదే స్టూడియోలో, ఫలానా ఊరి వాల్వు బాగైందా లేదా అని యాంకర్ అడగాలి, ఆ ఊరివాళ్లు విని నిజమో అబద్ధమో ఫోన్ చేసి చెప్పాలి. ఊరి పేరు కాగితంలోనే ఉండిపోతే ఆ రెండో భాగం జరగదు.

బొబ్బిలి వీణ:
👏 ఇది పాయింటు.

డయాలసిస్ డ్యూటీ:
నాకొక అనుమానం. కోడలు గారు, జీడితోట గారు ఇద్దరూ వేర్వేరు ప్రోగ్రాంల గురించి మాట్లాడుతున్నారు. ఒకరు జబ్బు గురించి, ఒకరు కుళాయి గురించి. రేడియో వాళ్లే రెంటినీ ఒక గంటలో కలిపి పెట్టారు. డాక్టరు పక్కన కూర్చున్నాడు కాబట్టి కుళాయి గురించి ఏ ఊరివాళ్లు ఫోన్ చేసినా వినేవాడి చెవికి అది జబ్బు ఊరే. డాక్టరుకి వేరే రోజు ఇచ్చి, ఆ రోజు ఊళ్లు, పేర్లు ఏవీ లేకుండా ఆయన్ని పూర్తిగా మాట్లాడనివ్వండి. నీళ్ల రోజు డాక్టరు అక్కర్లేదు.

కవిటి కోడలు:
ఇది కొంచెం బాగుంది. నీళ్ల రోజున ఊరి పేరు చెప్తే నాకు అభ్యంతరం లేదు, నీళ్లు రాని ఊళ్లు అనకాపల్లిలోనూ ఉంటాయి, పార్వతీపురంలోనూ ఉంటాయి. కానీ ఫోన్ చేసినవాళ్లు మాట మధ్యలో ‘మా ఊళ్లో ఇంతమంది పోయారు’ అని ఎత్తుకుంటే? జనం ఎత్తుకుంటారు, ఆపలేరు, ఆ బాధ అలాంటిది. అప్పుడు యాంకర్ ఏం చేస్తాడు?

జీడితోట (కంచిలి):
అప్పుడు ఆపాలా వద్దా అని ఆ మనిషినే అడగాలి. మొన్న ఆవిడ ఊరి పేరు తనంతట తానే చెప్పబోయింది కదా అప్పా, ఆవిడ ఇంట్లోనూ పిల్లలుండే ఉంటారు, అన్నీ ఆలోచించుకునే ఫోన్ చేసి ఉంటుంది. ఆవిడకి లేని భయం స్టూడియోలో ఉన్నవాళ్లకి ఎందుకు?

కవిటి కోడలు:
ఆవిడ పిల్లల సంగతి ఆవిడ చూసుకుంటుంది, ఒప్పుకుంటా. కానీ ఊరు ఆవిడ ఒక్కదానిదే కాదు. పక్కింటి పిల్ల తరఫున కూడా ఆవిడే చెప్పేస్తోంది, ఆ పిల్లని ఎవరడిగారు? దీనికి మాత్రం నువ్వు జవాబు చెప్పలేదు తమ్ముడూ.

జీడితోట (కంచిలి):
నిజమే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. డ్యూటీ గారు చెప్పినట్టు నీళ్లకీ జబ్బుకీ వేరే రోజులు పెట్టమని స్టేషన్‌కి ఉత్తరం రాస్తున్నా, సంతకం పెట్టేవాళ్లు ఇక్కడే మీ మండలం రాయండి. ఊరి పేరు మీ ఇష్టం 😀