ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కు ఇంత బరువు అవసరమా, లేక మనమే మోయిస్తున్నామా?

పాతకాపు (చర్చ ప్రారంభం)

ముప్పై ఏళ్లకు పైగా ప్రోగ్రాములు రాసి బతికినవాణ్ని. కిందటి మిరప సీజనులో నా కళ్ల ముందు జరిగిన సంగతి ఒకటి చెప్పి, ఆ తర్వాత ప్రశ్న అడుగుతాను.

1994లో గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణానికి ఫాక్స్‌ప్రో అనే డేటాబేసు భాషలో లెక్కల ప్రోగ్రాము రాసి ఇచ్చాను. రైతు తెచ్చిన టిక్కీలు (మిరప బస్తాలు) ఎన్ని, కాటాలో ఎంత తూగాయి, ధర ఎంత పలికింది, కమీషను, హమాలీ, ముందుగా తీసుకున్న అడ్వాన్సు పోగా రైతు చేతికి ఎంత రావాలి అన్నవి లెక్కగట్టి పట్టీ అచ్చువేయడమే దాని పని. నాలుగు మెగాబైట్ల ర్యామ్ ఉన్న 386 యంత్రం మీద నడిచేది. మొత్తం ప్రోగ్రాము ఒక్క ఫ్లాపీలో పట్టగా ఇంకా చోటు మిగిలేది. గుమాస్తా చివరి అంకె కొట్టి ఎంటర్ నొక్కగానే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు చప్పుడు మొదలయ్యేది. ఆయన ప్రింటరు కోసం ఎదురుచూడడం నేనెన్నడూ చూడలేదు. ప్రింటరే ఆయన కోసం ఎదురుచూసేది.

ఇటీవల ఆ దుకాణం కొడుకుల చేతికి వచ్చింది. వారు ఒక సంస్థ చేత కొత్త సాఫ్ట్‌వేర్ రాయించుకున్నారు. చేసే పని అదే. అయితే ఇప్పుడు పట్టీ మీది లెక్క దుకాణంలో జరగదు; బ్రౌజరులోంచి ముంబయిలోని క్లౌడ్ సర్వరుకు వెళ్లి, అక్కడ నాలుగు వేర్వేరు సర్వీసులు చేతులు మార్చుకున్నాక తిరిగి వస్తుంది. యార్డు నిండా సరుకు ఉన్న రోజున ఇంటర్నెట్ పోయింది. రెండు గంటల పాటు ఒక్క పట్టీ కూడా రాలేదు. రైతులు ఎండలో నిలబడ్డారు, గుమాస్తా కాగితం మీద కూడికలు వేశాడు. తర్వాత నన్ను పిలిచి కోడు చూడమంటే చూశాను. ఆ బృందం తమ చేత్తో రాసినది కొన్ని వేల వరుసలు. దాన్ని నడపడానికి దింపుకున్న ప్యాకేజీలు, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడు మూటలు, వెయ్యికి పైన. వాటిలో ఏది దేనికి ఉందో ఆ బృందంలో చెప్పగలిగిన మనిషి ఒక్కరూ కనబడలేదు.

ఇది ఒక్క దుకాణం గోడు కాదు. పాస్కల్ భాషను రూపొందించిన నిక్లాస్ వర్త్ 1995లోనే, హార్డ్‌వేర్ వేగం పెరిగే తీరు కంటే సాఫ్ట్‌వేర్ మందగించే తీరు చురుగ్గా ఉందని రాశారు. ఆయన భాష ఆధారంగా వచ్చిన టర్బో పాస్కల్ మూడో వెర్షనులో ఎడిటరూ కంపైలరూ కలిపి 40 కిలోబైట్లు మించలేదు. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామరు పేరు విషయంలో తగవుపడి తన ప్యాకేజీలన్నిటినీ జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎం నుంచి తీసేసినప్పుడు, పదాలకు ఎడమవైపు ఖాళీలు చేర్చే పదకొండు వరుసల లెఫ్ట్‌ప్యాడ్ కూడా అందులో పోయి, దాని మీద పరోక్షంగా ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు (కోడును నడిచే ప్రోగ్రాముగా కూర్చే పనులు) ప్రపంచమంతటా ఆగిపోయాయి. పదకొండు వరుసలు సొంతంగా రాసుకోలేని స్థితికి మనం ఎలా వచ్చాం? ఈ బరువులో నిజంగా అవసరమైనది ఎంత?

అక్షర

పాతకాపు గారికి నమస్కారం. రైతులు ఎండలో నిలబడిన మాట చదివి బాధపడ్డాను. ఆ పట్టీ లెక్క దుకాణంలోనే జరగవలసిందన్న మీ మాటతో నాకు పేచీ లేదు. కానీ ఒక ప్రశ్న. మీ 1994 నాటి పట్టీ ఏ భాషలో అచ్చయ్యేది? ఇంగ్లీషు పెద్దక్షరాలలోనే అయివుంటుందని నా అనుమానం. అంటే ఎవరి సొమ్ము లెక్క అందులో ఉందో, ఆ రైతు దాన్ని చదువుకోవడానికి మళ్లీ ఆ గుమాస్తానే అడగాలి. ఆ తేలికదనంలో కొంత భాగం మనల్ని బయట నిలబెట్టడం వల్ల వచ్చిందని నేనంటాను.

నేను అక్షరాలను తెర మీద పేర్చే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక సంకేతం, ఒక బొమ్మ. వరుసగా పెట్టుకుంటూ పోతే చాలు. తెలుగులో ‘జ్ఞా’ రాయాలంటే జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు కలిసి ఒకే రూపం కావాలి. ఏది తలకట్టు వదులుకోవాలి, ఏది వత్తుగా మారాలి, దీర్ఘం ఎక్కడ అతకాలి అన్నది ఫాంటూ పేర్పు ఇంజనూ కలిసి తేల్చాలి. ఇది ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఇదే ‘జ్ఞా’లో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు చేరిన రూపం సందేశంగా వస్తే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కూలిపోయేది. 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. కోట్ల ఫోన్లలో ఉన్న ఆ తప్పును బయటపెట్టింది మన అక్షరమే, అంటే ఆ క్లిష్టత లిపిలోనే ఉంది.

లిపులన్నిటికీ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడులో తెలుగు 1991 నుంచే ఉన్నా, మామూలు మనిషి కంప్యూటరులో అది సరిగ్గా కనబడడానికి గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా, అంటే 2001 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటివరకు డీటీపీ కేంద్రాలలో ఒక్కో ఫాంటుకు ఒక్కో సంకేత పద్ధతి ఉండేది; ఫాంటు మారిస్తే పేజీ అంతా పిచ్చి గీతలయ్యేది. ఆ ఫైళ్లు చిన్నవే, వేగంగానే తెరుచుకునేవి. వాటిలో ఒక పదం వెతకబోతే మాత్రం దొరికేది కాదు.

ఇంకొక మాట. మీ ప్రోగ్రాము లెక్కలు దాచుకునే డీబీఎఫ్ ఫైలును ఫ్లాపీ ఉన్న ఎవరైనా తెరిచి రైతు బాకీ మార్చేయగలిగేవారు. తాళం లేని ఇంట్లోకి త్వరగా వెళ్లవచ్చు, నిజమే. ఇవాళ టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారి మరో వ్యాపారికి ఇచ్చే జీఎస్టీ ఇన్వాయిసును 2023 ఆగస్టు నుంచి ప్రభుత్వ పోర్టలులో నమోదు చేయించాలి. ఈ బరువు ప్రోగ్రామర్లు తెచ్చిపెట్టినది కాదు, చట్టం తెచ్చింది.

సర్వర్ కాపరి

నేను రాత్రిళ్లు సర్వర్లకు కాపలా కాసేవాణ్ని కనుక మధ్యలో తలదూరుస్తున్నాను. లిపి, తాళాలు, చట్టం గురించి అక్షర గారు చెప్పినది ఒప్పుకుంటాను. కానీ ఆ దుకాణం లెక్కను నాలుగు సర్వీసులుగా చీల్చమని ఏ చట్టమూ అడగలేదు, తెలుగు లిపీ అడగలేదు.

యూపీఐలో 2023 ఆగస్టు ఒక్క నెలలోనే 1000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. అంత రద్దీని మోసేవారు పనిని ముక్కలు చేసి వేర్వేరు యంత్రాలకు పంచడంలో అర్థముంది. సీజనులో రోజుకు కొన్ని వందల పట్టీలు వేసే దుకాణానికి అదే నిర్మాణం కట్టడమంటే కుంటలో చేపలకు ఓడ వేసుకుని వెళ్లడమే. పెద్దవాళ్లకు కూడా అది అన్నివేళలా నప్పలేదు. అమెజాన్ ప్రైమ్ వీడియోలో దృశ్య, శ్రవ్య నాణ్యతను కనిపెట్టే ఒక పరికరాన్ని మొదట సర్వర్‌లెస్ ముక్కలుగా, అంటే పిలిచినప్పుడే క్లౌడు నడిపే చిన్న చిన్న ముక్కలుగా కట్టి, తర్వాత అంతా ఒకే ప్రాసెసులోకి తెచ్చేసరికి ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని ఆ ఇంజనీర్లే 2023లో రాశారు. క్లౌడును అమ్మే సంస్థలోనే ఈ లెక్క తేలడం గమనించదగ్గది.

మరి ఇలా ఎందుకు కడుతున్నాం? మన ఊళ్ల సంగతి మనకు తెలియనిది కాదు. గంటలకు బిల్లు వేసే పనిలో, రెండు వారాల్లో ముగిసే తేలిక దారిని క్లయింటు ముందు పెట్టే మేనేజరును నేనింకా చూడలేదు.

అమీర్‌పేట అభ్యాసి

పెద్దలు క్షమించాలి. నేను ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఈ ఏడాది నేను హాజరైన ఏ ఇంటర్వ్యూలోనూ ‘దీన్ని ఇంకా తేలికగా ఎలా చేస్తావు’ అని అడగలేదు. అనేక యంత్రాల మీద ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్ వచ్చా, పనిని చిన్న సర్వీసులుగా చీల్చే మైక్రోసర్వీసులు వచ్చా, ఏ క్లౌడు సర్టిఫికెట్ ఉంది అని అడిగారు. ఒకే ఫైలులో పని ముగించానని చెబితే అనుభవం లేదనుకుంటారు. పాతకాపు గారు చూసిన ఆ బృందంలోని పిల్లలు కూడా బహుశా నావంటివారే. వారు ఆ దుకాణం కోసం కాక, తమ తర్వాతి ఉద్యోగం కోసం ఆ సాఫ్ట్‌వేర్ రాసుకుని ఉంటారు. నేనైనా అదే చేసేవాణ్ని.

పాతకాపు

అభ్యాసి బాబూ, నీ మాట నా నాలుగు పేరాల కంటే సూటిగా ఉంది. మీ పిల్లల మీద నాకు కోపం లేదు. అడిగేవారే అలా అడుగుతున్నప్పుడు చెప్పేవారిని అని లాభం లేదు.

అక్షర గారూ, మీ అనుమానం నిజమే. పట్టీ ఇంగ్లీషు పెద్దక్షరాలలోనే అచ్చయ్యేది. అది లోపమని నాకు ఇన్నేళ్లలో తట్టలేదు, ఎవరూ అడగలేదు కూడా. మీరు చెప్పిన లిపి క్లిష్టతను నేను బరువు కింద లెక్కవేయను. 1986లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్, సమస్యలోనే పుట్టే క్లిష్టత వేరు, మన పనిముట్ల వల్ల అంటుకునే క్లిష్టత వేరు అని విడదీసి చెప్పారు. తెలుగు వత్తులు మొదటి రకం. ఆ మాటకొస్తే నా ఫిర్యాదు పరిమాణం గురించి కూడా కాదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు చిన్నదంటారు గానీ, అందులోనూ లక్షన్నర వరుసలకు పైగా కోడు ఉంది, దానికి సుమారు 590 రెట్ల పరీక్షల కోడు ఉందని దాన్ని రాసినవారే చెబుతారు. అయినా నేను నిశ్చింతగా వాడతాను, ఎందుకంటే ఆ బరువును పట్టించుకునేవారెవరో తెలుసు. వెయ్యి ప్యాకేజీల బరువును ఎవరూ మోయడం లేదు. ప్రతివాడూ పక్కవాడు మోస్తున్నాడనుకుంటున్నాడు.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం నా భయానికి అసలు రూపం. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీతో సంబంధమే లేదు. కొన్ని లినక్స్ పంపిణీలు దానికి లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ లైబ్రరీని జతచేశాయి, ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్‌ను వెంట తెచ్చుకుంది, ఆ మూడో ఇంటి దొడ్డిదారిన ఎవరో దొంగతలుపు పెట్టారు. దాన్ని పట్టుకున్నది ఏ భద్రతా పరికరమూ కాదు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. అన్నీ నెమ్మదిగా ఉండడానికి అలవాటుపడిన మనలో, అర సెకనును అనుమానించే ఓపిక ఎంతమందికి మిగిలింది?

అక్షర

ఎక్స్‌జెడ్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే బరువు మోసేవారెవరో తెలియాలన్న మీ కొలతనే మీ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముకు కూడా పెట్టనివ్వండి. దాన్ని మోసినవారు మీరొక్కరే. ఆ కొడుకులు మరో సంస్థ దగ్గరికి ఎందుకు వెళ్లారని మీరు చెప్పలేదు. విజువల్ ఫాక్స్‌ప్రోకు తొమ్మిదో వెర్షనే చివరిది, 2015 జనవరితో మైక్రోసాఫ్ట్ మద్దతు కూడా ముగిసింది. మీరు తప్ప మరొకరు ముట్టుకోలేని ప్రోగ్రాము మీకు తేలికే, మీ తర్వాతివారికి మాత్రం అది ఆ వెయ్యి ప్యాకేజీల వంటిదే. వేలమంది వాడే ఫ్రేమ్‌వర్క్ (ప్రోగ్రాముకు ముందే కట్టిపెట్టిన చట్రం) ఎంత లావుగా ఉన్నా, దాన్ని తెలిసిన మనిషి రేపు అమీర్‌పేటలో దొరుకుతాడు. ఆ దుకాణదారుడు కొన్నది ఆ ధైర్యాన్నే.

పాతకాపు

నిజం చెప్పాలంటే, 2019లో నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆరు వారాల పాటు ఆ దుకాణంలో ఒక తప్పు అలాగే ఉండిపోయింది. వారు వేరే దారి చూసుకోవడానికి అదే కారణమని నాకు తెలుసు. మొదటి టపాలో రాయకపోవడం నా పొరపాటే.

ప్రస్తుతం చేస్తున్నది చెబుతాను. పట్టీ లెక్కా అచ్చూ దుకాణంలోని యంత్రం మీదే జరిగేలా, ఎస్‌క్యూలైట్ మీద పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము రాస్తున్నాను. క్లౌడుకు లెక్కలు పంపే పని రాత్రికి వాయిదా. ఫాక్స్‌ప్రోలో అయితే నాకు హాయిగా ఉండేది, కానీ మీరన్నట్టు నా తర్వాత ఎవరైనా తెరవగలగాలి. బయటి లైబ్రరీలు మూడే పెట్టుకున్నాను. అందులో ఒకటి అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్, పట్టీ తెలుగులో వేస్తున్నాను కనుక. నిన్న మొదటిసారి అచ్చువేశాను. ‘హమాలీ’, ‘కమీషను’ చక్కగా వచ్చాయి గానీ ‘క్వింటా’లోని వ వత్తు కింది వరుసలోని అంకెల మీదికి దిగుతోంది. ప్రింటరు అదే పాతది. ఇది నా తప్పా, ఫాంటుదా?

అక్షర

మీదే. అంగుళానికి ఆరు వరుసలన్న డాట్ మ్యాట్రిక్స్ పాత లెక్కను అలాగే ఉంచి ఉంటారు; అది వత్తులు లేని లిపికి సరిపోయే లెక్క. వరుస ఎత్తును స్థిరంగా పెట్టకుండా, ఫాంటులో గీత పైకీ కిందికీ ఎంత చోటు కావాలో రాసి ఉండే విలువలను చదివి అంత ఇవ్వండి. పట్టీకి రెండు మూడు వరుసలు తగ్గుతాయి. ‘క్వింటా’ కుదిరాక ‘శాస్త్రి’ అన్న పేరుతో ఒక పట్టీ వేసి చూడండి, ఇంకా కిందికి దిగేది అదే.