వయొలిన్ ఇంట్లో బాగానే వస్తుంది, నలుగురి ముందు కూర్చుంటే బో వణుకుతోంది. ఏం చేయాలి?

ఎంవీపీ_మోహన:
అందరికీ నమస్తే. మాది వైజాగే, ఎంవీపీ కాలనీ. చిన్నప్పుడు గీతాల దాకా వచ్చి ఆపేసిన కర్ణాటక వయొలిన్ మళ్ళీ మొదలుపెట్టా, ఇప్పుడు వర్ణాలు, అంటే గీతాల తర్వాత నేర్పే పెద్ద రచనలు, నడుస్తున్నాయి. ఇంట్లో తంబురా యాప్ పెట్టుకుని తలుపేసుకుని వాయిస్తే మోహన వర్ణం రెండు కాలాలూ (మామూలు వేగం, దానికి రెట్టింపు) శుభ్రంగా వస్తుంది, మా ఆయన హాల్లోంచి "ఇవాళ బాగుంది" అని అరుస్తారు కూడా. అదే మొన్న చవితికి అపార్ట్‌మెంట్ కింద పందిట్లో కూర్చున్నానా, పల్లవిలో మొదటి దీర్ఘానికే బో తీగ మీద గడగడా ఎగరడం మొదలైంది, ఆ చప్పుడు మైకులో ఇంకా పెద్దగా! ముక్తాయి స్వరం, అంటే వర్ణం మొదటి సగం చివర వచ్చే స్వరాల భాగం, దగ్గర ఆగిపోయి మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నా, రెండోసారీ సరిగ్గా అక్కడే ఆగా. ఇప్పుడు దసరాకి గుళ్ళో వాయించమంటున్నారు. మా గురువుగారేమో ఇంకా సాధన చెయ్యి అదే పోతుంది అంటారు, చేస్తూనే ఉన్నా కదండీ. మీలో ఎవరికైనా ఇలా ఉండి తగ్గిందా?

రిటైర్డ్_కమాను:
అమ్మా, మీ గురువుగారు చెప్పింది సగం నిజం. భయం వేసినప్పుడు అడ్రినలిన్ వల్ల కుడిచేతి బొటనవేలు మనకి తెలీకుండానే కమానుని (అదే, మీ బోని) నొక్కేస్తుంది, అలా బిగుసుకున్న చేత్తో కమాను నెమ్మదిగా లాగితే అది ఎగరక ఏం చేస్తుంది. అందుకే గబగబా వాయించే చోట కాకుండా దీర్ఘాల దగ్గరే బయటపడుతుంది, మీకూ అక్కడే వచ్చింది చూడండి. మొదటి స్వరానికి ముందు కమానుని తీగ మీద ఆనించి ఉంచండి, గాల్లోంచి దించొద్దు. ఊపిరి వదులుతూ లాగండి, అదీ పొడుగ్గా, పిసినారితనం లేకుండా. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులు దొరుకుతాయి, ఆ పొడుగు కమాను ఎలా పలుకుతుందో ఒకసారి వినండి. ఆయన మన వైజాగ్‌లో పెరిగినవారే, 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ప్రొఫెసర్ అయ్యేనాటికి పాతికేళ్ళు దాటాయంతే. ఆయనలా వాయించాలని కాదులెండి, చెయ్యి వదులుగా ఉంటే నాదం ఎలా ఉంటుందో చెవికి తెలియాలని.

ఇంకోటి. గుండె దడదడలాడుతుండగా వాయించడం కూడా సాధనే. మెట్లు గబగబా నాలుగు అంతస్తులు ఎక్కి, ఆయాసం తగ్గకముందే కూర్చుని వర్ణం ఎత్తుకోండి. మా స్టూడెంట్లు నన్ను తిట్టుకునేవారు గానీ పనిచేస్తుంది.

సన్నాయి_ఇంటోడు_గోపాలపట్నం:
అక్కా నాకు వయొలిన్ రాదు, మాది సన్నాయి ఇల్లు, నాన్న ఎనక శృతి పట్టుకుని పెళ్ళిళ్ళకి తిరిగినోణ్ణి. నాకు అర్థమయిందేటంటే నువ్వు ఇంట్లో ఆగడం కూడా ప్రాక్టీస్ చేసేస్తన్నావు. తప్పు రాగానే ఆపి, సరిచేసుకుని, మళ్ళీ మొదట్నుంచి. రోజూ అదే చేస్తే పందిట్లో చెయ్యి అదే చేస్తాది మరి. పెళ్ళిలో మాకు ఆ సౌకర్యం ఉండదు, నాన్న ఆలాపన మధ్యలో మంచి ఊపు మీదుంటాడు, పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం" అన్నారంటే ఆ క్షణాన ఎక్కడున్నా వదిలేసి అందుకోవాల్సిందే, డోలు ఆయన అప్పటికే కొట్టేస్తుంటాడు. స్వరం జారినా తాళం ఆగకూడదు, మాకు అదొక్కటే రూలు. జారిన స్వరం జనానికి ఇనబడదక్కా, ఆగితే మాత్రం అందరూ భోజనాల కాడ్నించి కూడా తలెత్తి చూస్తారు.

కాబట్టి సరిచేసుకునే ప్రాక్టీస్ వేరే పెట్టుకో, ఆగకుండా వెళ్ళిపోయే ప్రాక్టీస్ వేరే పెట్టుకో. రెండోదానికి ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ఒక్కసారే వాయించాలి, ఏది పోయినా తర్వాత ఆవర్తనం (తాళం చుట్టు) సమంలో, అంటే మొదటి దెబ్బకి, పట్టుకోవాలి. ఇంకా మీ వర్ణాన్ని మధ్యలోంచి ఎత్తుకోగలవా? ముక్తాయి స్వరం నుంచి, రెండో ఎత్తుగడ స్వరం (వర్ణం రెండో సగంలో వచ్చే స్వరాల్లో రెండోది) నుంచి. అలా రాదంటే అది నీకు పూర్తిగా రానట్టే, ఏమనుకోకు.

గాజువాక_కీబోర్డ్:
పైన తమ్ముడు చెప్పింది కరెక్ట్. నేను చర్చిలో కీబోర్డ్ వాయిస్తాను, అక్కడ పాట మొదలయ్యాక ఆపే ఛాన్సే లేదు, సంఘమంతా పాడేస్తుంటారు, వాళ్ళతో పాటు పోవడమే. నా భయం పోయింది అలాగే. మీకు అలాంటిది కావాలంటే త్యాగరాజ ఆరాధన టైంలో, అంటే పుష్య బహుళ పంచమికి, గోష్ఠిగానంలో వెనక వరుసలో కూర్చోండి, పంచరత్నాలు అందరితో కలిసి వాయించేస్తారు, మీ ఒక్కరి బో ఎవరికీ వినపడదు. వాయించేటప్పుడు కళ్ళు మూసుకుంటే ఇంకా బెటర్ అని నా అభిప్రాయం.

రిటైర్డ్_కమాను:
కళ్ళు మూసుకోవద్దమ్మా. పక్కవాద్యం ఉంటే మృదంగం ఆయన్ని చూడాలి కదా.

బీచ్‌రోడ్_బ్యాండ్:
మా గిటారిస్ట్ షోకి ముందు ప్రొప్రనలాల్ వేసుకుంటాడు, చేతులు అస్సలు వణకవట. అదీ ట్రై చేయొచ్చేమో.

కేజీహెచ్_పాత_విద్యార్థి:
నేను డాక్టర్‌ని. ఆ మందు వణుకు, దడ తగ్గించే మాట నిజమే, సంగీతం వాళ్ళు కొందరు వాడతారు. కానీ ఆస్తమా ఉన్నవాళ్ళు వేసుకోకూడదు, బీపీ, పల్స్ తక్కువుండేవాళ్ళకీ ఇబ్బందే. ఫ్రెండ్ స్ట్రిప్‌లోంచి ఒకటి తెంపుకుని వేసుకునే మందు కాదు, చూపించుకుని రాయించుకుంటేనే. గుళ్ళో ఒక వర్ణానికి అంత అవసరమా అంటే నాకైతే లేదనిపిస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి కాఫీ మానేయండి చాలు.

ఎంవీపీ_మోహన:
కాఫీ మానేయాలా 😭 సరే. మధ్యలోంచి ఎత్తుకోమన్నారు కదా, ఇందాకే చూశా, రెండో ఎత్తుగడ స్వరం అస్సలు రాలేదు, తమ్ముడూ నీకో దండం. దసరాకి వర్ణం వద్దనుకుంటున్నా, ఎప్పుడో వచ్చేసిన గీతం ఒకటి, చిన్న కీర్తన ఒకటి వాయిస్తా. రెండూ ఇప్పటికే ఎక్కణ్ణుంచైనా ఎత్తుకోగలను. ఇంకో డౌట్ సార్, గుడి బీచ్‌కి దగ్గరే, ఓపెన్ మండపం, ఈ వర్షాలకి నా బిరడాలు (తీగలు బిగించే పిడులు) ఒకటి బిగుసుకుపోతోంది ఒకటి జారిపోతోంది. మధ్యలో శృతి పోతే?

రిటైర్డ్_కమాను:
తక్కువ స్థాయిది ఎంచుకున్నారు, మంచి పని. ఉప్పుగాలికి, తేమకి మన ఊళ్ళో ఇది మామూలే. జారే బిరడాకి చాక్‌పీస్ పొడి, బిగుసుకునేదానికి పొడి సబ్బు కొంచెం రుద్దండి, కానీ అదే రోజు కాదు, ముందు వారమే. ఆ రోజు అరగంట ముందెళ్ళి పెట్టె తెరిచి వాయించే చోటే ఉంచండి, ఇంట్లో ఏసీ గదిలో చేసుకున్న శృతి అక్కడ నిలవదు. ఫైన్ ట్యూనర్లు (తీగ చివర ఉండే చిన్న స్క్రూలు) నాలుగు తీగలకీ ఉన్నాయా? లేకపోతే షాపులో వేయించేసుకోండి, మధ్యలో కొద్దిగా దిగినా బిరడా ముట్టుకోకుండా సరిచేసుకోవచ్చు.